విముక్తి యాప్ తొలి లబ్ధిదారు

"ఈ రోజు నుంచి ఈ దేశంలో ఏ పౌరుడూ తనకు అక్కర్లేనిదానికి నెలనెలా డబ్బు కట్టడు" అని పౌర ఉపశమన శాఖ మంత్రిగారు ప్రకటించారు. ప్రకటించాక గ్లాసుడు మంచినీళ్లు తాగారు. తాగుతుండగా కూడా పత్రికలవాళ్లు ఫొటోలు తీసుకున్నారు.

మంత్రిగారికి ఈ ఆలోచన పుస్తకాల్లోంచి రాలేదు, జీవితంలోంచి వచ్చింది. కుక్కలకు క్రమశిక్షణ నేర్పే యాప్ ఒకటి ఆయన ఖాతాలోంచి చాలాకాలంగా డబ్బు కోసుకుంటోంది. ఆయనకు కుక్క లేదు. ఎప్పుడో ఫోన్లో తన ప్రసంగం గురించిన వార్త చదువుకుంటుంటే 'మొదటి నెల ఉచితం' అని మధ్యలో ఒకటి అడ్డొచ్చింది. దాన్ని పక్కకు తోయబోయి నొక్కారు. తీరా వద్దనుకుంటే, వద్దని చెప్పే చోటు దొరకలేదు. శాఖలో సగం మంది పని మానుకుని వెతికారు. అప్పుడు మంత్రిగారు ఒక నిర్ణయానికి వచ్చారు. తనకు జరిగింది మరొకరికి జరగకూడదు. కుక్కను తెచ్చుకుంటే సరిపోయేది. ఆయన ఆ తేలిక దారి తొక్కలేదు.

యాప్ పేరు విముక్తి. పౌరుడు తన బ్యాంకు ఖాతాను దానికి జతచేస్తే, ఎవరెవరు నెలనెలా తన డబ్బు తీసుకుంటున్నారో అది చూపిస్తుంది. అక్కర్లేని చందాను అక్కడికక్కడే రద్దు చేస్తుంది. దాని తెరలు గీసే పని శాఖలో కాంట్రాక్టు మీద ఉన్న డిజైనరుకు అప్పగించారు. ఆమె బల్ల జిరాక్స్ మిషనుకూ మంచినీళ్ల క్యానుకూ మధ్య ఉంటుంది. నీళ్లకొచ్చినవాళ్లు ఆమె తెర చూసి ఒక సలహా, జిరాక్సుకొచ్చినవాళ్లు ఇంకో సలహా ఇచ్చి పోతుంటారు. ఏటా ఆమె కాంట్రాక్టు ముగుస్తుంది. ఏటా ఆమె నాలుగు గదుల చుట్టూ తిరిగితే పొడిగిస్తారు.

ఈసారి శాఖ కార్యదర్శి ఆమెను పిలిచి కూర్చోమన్నారు. అలా కూర్చోమనడం అదే మొదటిసారి.

"ఈ యాప్ సక్సెస్ అయితే నిన్ను పర్మనెంట్ చేస్తామమ్మా. ఫైలు తయారైంది. మంత్రిగారి సంతకమే తరువాయి."

"సక్సెస్ అంటే ఏమిటి సార్?"

"అది మంత్రిగారు చెప్తారు" అన్నారు కార్యదర్శి.

డిజైనరు ఇంట్లో ఈ యాప్ కోసం ఆమె కన్నా ఎక్కువగా ఎదురుచూస్తున్నది ఆమె అత్తగారు. మోకాళ్ల నొప్పులకు నీళ్లలో నడిస్తే మంచిదని డాక్టరు చెప్పాడు. ఆవిడ ఫోన్లో వెతకబోయి 'ఉచిత ఈత పాఠం' అన్నదాన్ని నొక్కారు. ఆ నెల నుంచి పెన్షన్లో కోత మొదలైంది. తల మీద చెంబెడు నీళ్లు పోసుకోవాలన్నా ఒక చేత్తో గోడ పట్టుకునే మనిషి ఆవిడ. రోజూ పొద్దున్నే ఫోన్ టింగుమంటుంది. 'లేవండి చాంపియన్! ఈ రోజు లోతుకు దూకుదాం!'

కోడలు మొదట గీసినవి మూడు తెరలు. ఒకదాంట్లో ఖాతా జతచేయాలి. రెండోదాంట్లో చందాలన్నీ కనిపిస్తాయి, ఒక్కోదాని పక్కన 'రద్దు' అని ఎర్ర బటన్ ఉంటుంది. మూడోదాంట్లో పచ్చ టిక్కు, దాని కింద 'రద్దయింది. అభినందనలు.' వంటింట్లో అత్తగారికి చూపించింది. ఆవిడ కళ్లజోడు లేకుండానే చదివారు.

"ఎర్రది నొక్కితే పోతుందా?"

"పోతుందత్తయ్యా."

"ఇంకేమీ అడగదా?"

"అడగదు."

"మీ ప్రభుత్వం ఏమీ అడక్కుండా మనిషిని వదిలిపెడుతుందా?" అని ఆవిడ కోడలి మొహంలోకి చూశారు. "సరేలే. నువ్వు గీశావు కాబట్టి నమ్ముతున్నా."

మొదటి సమావేశంలో మంత్రిగారు ఆ మూడు తెరలూ శ్రద్ధగా చూశారు.

"బాగుంది. చాలా బాగుంది. ఇందులో నేనెక్కడున్నాను?"

"సార్?"

"పౌరుడు తలుపు తీసుకుని లోపలికొచ్చాడమ్మా. ఇంటికొచ్చినవాడికి ఇంటాయన కనబడొద్దూ?"

మొదటి తెరకు ముందు మంత్రిగారి ఫొటో వచ్చింది. ఫొటో మాట్లాడితే ఇంకా హుందాగా ఉంటుందని కార్యదర్శి అన్నారు. ఫొటో వీడియో అయింది. రెండు ముక్కలు మాట్లాడతానని కెమెరా ముందు కూర్చున్న మంత్రిగారు బాల్యం దగ్గర మొదలుపెట్టి, రాజకీయ ప్రవేశం మీదుగా, కుక్క లేకపోవడం దాకా వచ్చేసరికి కెమెరామన్ కుర్చీ తెప్పించుకున్నాడు.

"సార్, దాటేసే బటన్ ఏ మూల పెట్టమంటారు?" అని డిజైనరు అడిగింది.

"పెడితే ఏం చేస్తారు?"

"దాటేస్తారు సార్."

"మరెందుకు పెట్టడం?" అన్నారు మంత్రిగారు.

వీడియో తర్వాత ప్రతిజ్ఞ చేరింది. ప్రతిజ్ఞ తర్వాత గణాంక విభాగం వారి ప్రశ్నలు చేరాయి. ఈ చందా మీకెందుకు అక్కర్లేదు? అక్కర్లేదని ఎప్పుడు తెలిసింది? తెలిసినప్పుడు పక్కన ఎవరున్నారు? ఇలా పౌరుణ్ణి లోపలికి తీసుకురావడాన్ని ఆన్‌బోర్డింగ్ అంటారని, అంటే పడవ ఎక్కించడం లాంటిదని, కొత్తగా నియమించిన సలహాదారు వివరించారు. ఎక్కించడం గురించే వివరించారు. దించడం గురించి ఎవరూ అడగలేదు.

ఈ సలహాదారు ప్రైవేటు కంపెనీల్లో పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన రెండో సమావేశంలో బోర్డు మీద ఒక గీత గీశారు.

"ఇది పేవాల్. డబ్బు కడితే తప్ప దాటలేని గోడ. దీన్ని ఎక్కడ కట్టాలన్నదే కళ. గుమ్మం ముందు కడితే జనం వెనక్కి తిరిగిపోతారు. అందుకని లోపలికి రానివ్వాలి. ఏ చందాకు ఎంత పోతోందో ఉచితంగా చూపించాలి. చూసి గుండె చెరువైనప్పుడు, రద్దు బటన్ మీద వేలు పెట్టబోయినప్పుడు, అప్పుడు గోడ లేవాలి. రద్దు కావాలంటే గోల్డ్ చందా తీసుకోవాలి."

"చందా రద్దు చేసుకోవడానికి చందా కట్టాలా?" అని డిజైనరు అడిగింది.

"చూశారా, ఎంత తేలిగ్గా అర్థమైందో!" అన్నారు సలహాదారు మంత్రిగారి వైపు తిరిగి.

మంత్రిగారు ఇబ్బందిగా కదిలారు. "నేను ఉచితమని ప్రకటించానయ్యా. జనానికి మాటిచ్చాను."

"ఉచితమే సార్. మొదటి వారం ఉచితం. ఆలోగా వద్దనుకుంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తు పరిశీలనకు పది పనిదినాలు."

మంత్రిగారు వేళ్ల మీద ఏదో లెక్క వేయబోయి మానుకుని, తృప్తిగా తలాడించారు. ఆయనకు మాట నిలబెట్టుకోవడం ముఖ్యం.

"సార్, మరి గోల్డ్ చందా వద్దనుకుంటే ఎక్కడ రద్దు చేసుకోవాలి? మన యాప్ జాబితాలో అది కూడా చూపించమంటారా?" అని డిజైనరు మళ్లీ నోరు తెరిచింది.

కార్యదర్శి ఆమె వైపు ఒక చూపు చూశారు. ఆ చూపులో ఫైలు కనిపించింది.

"మన యాప్ దేనికమ్మా?" అని మంత్రిగారు ఓపికగా అడిగారు.

"అక్కర్లేని చందాలు తీసేయడానికి సార్."

"మనది అక్కర్లేనిదా?"

ఆమె కూర్చుంది.

ఆ తర్వాత రద్దు బటన్ మీద చర్చ జరిగింది. ఎరుపు రంగు పౌరుణ్ణి కంగారు పెడుతుందని బూడిద రంగు వేయించారు. పెద్దది మర్యాదగా ఉండదని చిన్నది చేయించారు. దాని పైన 'అలాగే ఉండనివ్వండి' అని పచ్చగా ఒకటి పెట్టించారు. 'రద్దు' అన్న మాట మొరటుగా ఉందని కార్యదర్శి అంటే, సలహాదారు అక్కడికక్కడే కొత్త మాటలు చెప్పారు. 'వద్దు, నా కుటుంబ భవిష్యత్తు గురించి నాకు ఆలోచన లేదు.' రద్దు కావాలనుకున్నవారు ఇకపై దాన్ని నొక్కాలి.

డిజైనరు అన్నీ గీసింది. తల వంచుకుని గీసింది. మధ్యలో నీళ్లకొచ్చిన గుమాస్తా ఒకాయన తెర చూసి, "రద్దు బటన్ ఎక్కడుందమ్మా?" అని అడిగాడు. చూపించింది. "ఓహో, అది మచ్చ అనుకున్నాను" అని నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ప్రారంభోత్సవానికి ముందు ఒక చిక్కొచ్చింది. వేదిక మీద మంత్రిగారు స్వయంగా ఒక చందా రద్దు చేసి చూపించాలి. అసలు యాప్‌లో అయితే ఆయన వీడియో ముగిసేలోపు సభ ముగుస్తుంది. కార్యదర్శి డిజైనరును పక్కకు పిలిచారు.

"నువ్వు మొదట గీసిన మూడు తెరలున్నాయి కదమ్మా. అవి మంత్రిగారి ఫోన్లో పెట్టు."

"అవి ఉత్త డెమో సార్. ఏ బ్యాంకుకూ కలపలేదు. ఏది నొక్కినా పచ్చ టిక్కు వస్తుంది, అంతే."

"కావలసింది అదే. ఇంకోటి. జనంలోంచి ఎవరైనా ఏదో చందా పేరు అరుస్తారు. సార్ టైప్ చేసి రద్దు చేస్తారు. టైప్ చేయడానికి ఒక గడి పెట్టు. ఏం రాసినా రద్దయినట్టు రావాలి."

"డెమో అని సారుకు చెప్పాలి కదా సార్?"

"చెబుదాం. సమయం చూసుకుని చెబుదాం" అన్నారు కార్యదర్శి.

సభ దిగ్విజయంగా జరిగింది. జనం అరిచారు, మంత్రిగారు టైప్ చేశారు, వేదిక వెనక పెద్ద తెర మీద పచ్చ టిక్కులు పడ్డాయి. వ్యాయామశాలల చందాలు, జాతకాల చందాలు, వంటల చందాలు ఒక్కో నొక్కుతో కూలిపోయాయి. మంత్రిగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది నటన కాదని దగ్గరున్నవాళ్లందరూ చెప్పారు. చప్పట్ల మధ్య ఆయన కుక్క యాప్‌ను కూడా రద్దు చేశారు. ఆ నెల కూడా దానికి డబ్బు వెళ్లింది. ఆయన ఖాతా లెక్కలు చూసేది పీఏ. పీఏ చెప్పలేదు.

చెప్పే సమయం కార్యదర్శికి దొరకలేదు. మంత్రిగారికి ఆ ఫోన్ మీద ప్రేమ కుదిరింది. కారులో వెళ్తూ రద్దు చేసేవారు, భోజనం మధ్యలో రద్దు చేసేవారు, మంత్రివర్గ సమావేశంలో బల్ల కింద రద్దు చేసేవారు. ఇంటావిడ సంగీతం క్లాసుకు వెళ్లడం ఆయనకు ఇష్టం లేక దాన్నీ గడిలో రాసి రద్దు చేశారు. ఆవిడ మర్నాడు మామూలుగా క్లాసుకు వెళ్లింది. "మా ఆవిడ చట్టవిరుద్ధంగా పాడుతోంది" అని ఆయన స్నేహితుల దగ్గర వాపోయారు.

ఇంతలో ఫిర్యాదులు మొదలయ్యాయి. రద్దు కావడం లేదని జనం శాఖ ముందు గుంపులు కట్టారు. మంత్రిగారు మెట్లు దిగి వచ్చి తన ఫోన్ పైకెత్తి చూపించారు.

"ఇదుగో, చూడండి. ఒక్క నొక్కు. పోయింది. మరి మీకెందుకు పోవడం లేదు? లోపం యాప్‌లో లేదు. మీకు నొక్కడం రావడం లేదు."

జనం తమ వేళ్ల వైపు చూసుకున్నారు. నెల తిరక్కుండా ప్రతి పట్టణంలో నొక్కుడు శిక్షణ కేంద్రం వెలిసింది. బొటనవేలు, చూపుడువేలు అని రెండు కోర్సులు. చేరడానికి మొదటి వారం ఉచితం.

శాఖ వార్షిక నివేదికలో ఒక వాక్యం దేశమంతా మారుమోగింది. 'విముక్తిలో చేరినవారిలో ఒక్కరు కూడా దాన్ని విడిచి వెళ్లలేదు.' విదేశంలో ఒక సదస్సువారు దీన్ని చదివి ప్రజాభిమానానికి బహుమతి ఇచ్చారు. బహుమతి అందుకోవడానికి ప్రభుత్వాధినేత స్వయంగా వెళ్లారు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. తిరిగొచ్చాక పెద్దాయన ఫొటో కూడా యాప్‌లో చేరింది. దాన్నీ దాటేసే బటన్ లేదు.

అత్తగారు ఓ ఆదివారం పొద్దున్నే కాళ్లు చాపుకుని కూర్చుని విముక్తి తెరిచారు. మంత్రిగారి బాల్యం మొత్తం విన్నారు. ప్రతిజ్ఞ చేశారు. ఈత ఎందుకు అక్కర్లేదన్నదానికి 'భయం' అని రాశారు. పక్కన ఎవరున్నారన్నదానికి 'ఎవరూ లేరు, అందుకే నొక్కాను' అని రాశారు. గోడ దాకా వచ్చి, గోల్డ్ చందా తీసుకుని దాటారు. రద్దు బటన్ అదేననుకుని, పెద్దగా కనబడిన పచ్చ బటన్ నొక్కారు. నెలాఖరుకు ఈత పాఠాల డబ్బు పోయింది, గోల్డ్ చందా డబ్బూ పోయింది.

"అమ్మాయ్, ఇదివరకు ఇది ఒంటరిగా పోయేది. ఇప్పుడు దానికి తోడు దొరికింది" అన్నారు ఆవిడ.

కోడలు ఆవిడ ఫోన్ తీసుకుని చూసింది.

"ఇది నువ్వు నాకు చూపించిన యాప్ కాదే?"

"అది కాదత్తయ్యా. అది మంత్రిగారి ఫోన్లో ఉంది."

"ఆయనొక్కడికేనా?"

"ఆయనొక్కడికే."

"అదృష్టవంతుడు" అన్నారు అత్తగారు.

యాప్‌కు ఏడాది నిండబోతుండగా మంత్రిగారికి ఒక ఊహ వచ్చింది. విముక్తి పొందిన పౌరుడి ఇంటికి తాను వెళ్లాలి, ఆ పౌరుడి కళ్లలో ఆనందం టీవీలో ప్రత్యక్ష ప్రసారం కావాలి. కార్యదర్శి డిజైనరు బల్ల దగ్గరికే నడిచి వచ్చారు.

"ఒక లబ్ధిదారు కావాలమ్మా."

"ఎవరున్నారు సార్?"

"ఎవరూ లేరు. అందుకే నీ దగ్గరికొచ్చాను. మీ అత్తగారికి ఈత పాఠాలేవో ఉన్నాయన్నావు."

"అవి రద్దు కాలేదు సార్."

"ఆ రోజు అవుతాయి. ఆవిడ చేతికి సార్ ఫోన్ ఇస్తాం. ప్రసారం అయ్యాక నువ్వూ నేనూ కూర్చుని ఆ ఈతవాళ్లకు ఫోన్ చేసి బతిమాలుదాం." గొంతు తగ్గించారు. "నీ ఫైలు సార్ వెంటే వస్తుంది. కార్యక్రమం చివర అక్కడే, కెమెరా ముందే సంతకం. కాంట్రాక్టు ఉద్యోగికి కూడా విముక్తి. బాగుంటుంది కదా?"

ఆమె ఆ మధ్యాహ్నం నాలుగుసార్లు నీళ్లు తాగింది. సాయంత్రం భర్తతో చెప్పింది.

"మా అమ్మని లైవ్‌లో కూర్చోబెడతావా?" అన్నాడు అతను. "ఆవిడ నోరు నీకు తెలుసు, నాకు తెలుసు. టీవీవాళ్లకి తెలీదు."

"ఒక్క గంటండీ. సంతకం అయిపోతే ఇక ఏటా ఆ నాలుగు గదుల చుట్టూ తిరగక్కర్లేదు."

పక్క గదిలోంచి అత్తగారు కేకేశారు. "నాకు వినబడుతోంది. కూర్చుంటానని చెప్పు. నీ ఉద్యోగం కోసం మంత్రి ముందు నోరు మూసుకుని కూర్చోలేనా?"

ఆ రోజు పొద్దున్నే ముందు గది స్వరూపం మారిపోయింది. సోఫా వెలుగుకు అడ్డం వస్తోందని వంటింట్లోకి తోశారు. దీపాలు బిగించారు. అత్తగారి ముఖానికి పౌడరు అద్దబోయిన అమ్మాయిని ఆవిడ ఒక్క చూపుతో ఆపారు. మంత్రిగారు వచ్చి ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నారు. ఒళ్లో ఫైలు, జేబులో పెన్ను, చేతిలో ఫోన్. డిజైనరు కెమెరా వెనక నిలబడింది. ఆమె కళ్లు ఫైలు మీదే ఉన్నాయి.

"అమ్మా, చెప్పండి. ఈ ఈత పాఠాల వల్ల మీరెంత క్షోభ అనుభవించారు?" అన్నారు మంత్రిగారు.

"పొద్దున్నే దూకమంటారండీ."

"దూకమంటారు! విన్నారా? ఒక తల్లిని దూకమంటారు!" అని మంత్రిగారు కెమెరా వైపు తిరిగారు. "ఈ రోజుతో ఆ దూకుడుకు కళ్లెం వేస్తున్నాం. ఇదుగోనమ్మా ఫోన్. అందులో రాయండి. నొక్కండి."

అత్తగారు గడిలో 'ఈత పాఠాలు' అని రాశారు. ఎర్ర బటన్ నొక్కారు. పచ్చ టిక్కు పడింది. 'ఈత పాఠాలు రద్దయింది. అభినందనలు.' మంత్రిగారితో వచ్చిన కార్యకర్తలు చప్పట్లు కొట్టారు. కెమెరా ఆవిడ కళ్ల దగ్గరికి వెళ్లింది. ఆనందం కోసం ఆగింది.

అప్పుడే ఆవిడ సొంత ఫోన్ టింగుమంది. తీసి చదివారు.

"మరి ఇదేంటండీ? 'రేపు గజ ఈతగాళ్ల వారం మొదలు' అంటోంది?"

"అది ముందే బయలుదేరిన మెసేజ్ అమ్మా. దారిలో ఉండి ఇప్పుడు చేరింది" అన్నారు మంత్రిగారు. ఆయన గొంతులో అనుమానం లేదు. డిజైనరు ఊపిరి పీల్చుకుంది. మంత్రిగారు ఫైలు తెరిచారు. పెన్ను తీసి మూత విప్పారు.

"అయితే ఈ ఫోన్లో ఏం రాసినా రద్దవుతుందాండీ?" అని అత్తగారు అడిగారు.

"ఏం రాసినా!"

"ఎవరైనా రాయొచ్చా?"

"ఏ పౌరుడైనా! అది మీ హక్కు. రాయండి, మొహమాటపడకండి." మంత్రిగారు పెన్ను పట్టుకున్న చెయ్యి విశాలంగా ఊపారు. "దేశమంతా చూస్తోంది."

అత్తగారు కళ్లజోడు పెట్టుకున్నారు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాయసాగారు. కెమెరామన్ ఆవిడ భుజం మీదుగా ఫోన్ తెరను పట్టుకున్నాడు. డిజైనరు పక్కనున్న టీవీలో అక్షరాలు చూసింది. మొదటి అక్షరం పడగానే ఒక అడుగు ముందుకు వేసింది. "అత్తయ్యా" అని పిలిచింది, ఆవిడ తలెత్తలేదు.

'మంత్రి పదవి' అని రాసి, అత్తగారు నొక్కారు.

'మంత్రి పదవి రద్దయింది. అభినందనలు.'

వెనకున్న కార్యకర్త ఒకడు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టాడు. ఇంకెవరూ కొట్టలేదు.

మంత్రిగారు నవ్వుతారని కార్యదర్శి ఎదురుచూశారు. తాను ముందుగా నవ్వి చూపించారు. మంత్రిగారు నవ్వలేదు. ఫోన్ తీసుకుని దగ్గరగా చదివారు, దూరంగా పెట్టి చదివారు.

"దీన్ని వెనక్కి తీసుకోవచ్చా అమ్మా?" అని డిజైనరును అడిగారు.

"ఆ మూడు తెరల్లో... వెనక్కి అనేది లేదు సార్."

"సార్, సార్, అది ఉత్త..." అని కార్యదర్శి ముందుకు వంగారు.

"ఉత్త ఏమిటి?" అన్నారు మంత్రిగారు. కార్యదర్శి కెమెరా వైపు చూశారు. ఎర్ర దీపం వెలుగుతోంది. దేశమంతా చూస్తోంది. ఆయన నోరు మూసుకున్నారు.

మంత్రిగారు పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. ఫైలు మూసి డిజైనరు చేతికిచ్చారు.

"ఏమనుకోకమ్మా. సంతకం చేసే అధికారం ఇప్పుడు నాకు లేదు."

వీధిలో ప్రభుత్వం కారు తలుపు తీసి పట్టుకున్న డ్రైవరును వద్దని వారించి, ఆయన నడుచుకుంటూ వెళ్లారు. సగం దూరం దాకా కెమెరాలు వెంట వెళ్లాయి. ఈ కాలంలో ఇంత నిబద్ధత ఎవరిలో ఉంది?

టీవీవాళ్లు దీపాలు విప్పుకుని వెళ్లిపోయారు. సోఫా వంటింట్లోనే ఉండిపోయింది. చివరికి అత్తగారే వచ్చి కోడలి పక్కన కూర్చున్నారు.

"నీ సంతకం అయ్యాక రాయాల్సింది. తొందరపడ్డాను" అన్నారు.

"అసలు ఎందుకు రాశారత్తయ్యా?"

"నిజంగా రద్దవుతుందో లేదో చూద్దామని."

పెద్దాయన కార్యాలయంలో ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ రద్దు చెల్లదని ప్రకటిస్తే యాప్ ఏమిటని పత్రికలవాళ్లు అడుగుతారు. యాప్ మీద పెద్దాయన ఫొటో ఉంది, గోడకు విదేశీ బహుమతి ఉంది. మర్నాడు ప్రకటన వెలువడింది. 'విముక్తి యాప్ ద్వారా పౌరులు చేసే ప్రతి రద్దుకూ ప్రభుత్వం కట్టుబడి ఉంటుంది. కాబట్టి మంత్రిగారు విడిగా రాజీనామా చేయాల్సిన అవసరం లేదు.' గణాంక విభాగంవారు నెలవారీ నివేదికలో రద్దుల గడిలో ఏడాదిగా ఉన్న సున్నా కొట్టేసి ఒకటి వేశారు. వేసి, ఒకరికొకరు చేతులు కలుపుకున్నారు.

వారం తిరక్కుండా కొత్త మంత్రి వచ్చారు. ఈయన తక్కువ మాట్లాడతారు. మొదటిరోజే డిజైనరును లోపలికి పిలిపించారు. ఫైలు ఆయన ముందు తెరిచి ఉంది.

"ఆవిడ మీ అత్తగారా?"

"అవును సార్."

"ఆరోగ్యంగా ఉన్నారా?"

"ఉన్నారు సార్."

ఆయన ఫైలు మీద సంతకం చేశారు. సిరా ఆరేదాకా చూశారు. తర్వాత సొరుగులోంచి కొత్త ఫోన్ తీసి బల్ల మీద ఆమె వైపు జరిపారు.

"ఆయనకు పెట్టిందే నాకూ పెట్టమ్మా. ఆ గడి ఒక్కటి తీసెయ్."

బయటికొచ్చాక కార్యదర్శి ఆమెకు అభినందనలు చెప్పారు. పాత మంత్రిగారి సంగతి కూడా చెప్పారు. ఆయన ప్రభుత్వం ఫోన్ అప్పగించేసి, సొంత ఫోన్లో విముక్తి వేసుకున్నారట. కుక్క చందా పోవడం లేదట. పదవిలో లేనివాడికి వేళ్లు మొద్దుబారతాయి కాబోలని, వాళ్ల వీధి చివర నొక్కుడు శిక్షణ కేంద్రంలో చేరారట. మొదటి వరసలోనే కూర్చుంటారట.

"మరి ఈతవాళ్లకు ఫోన్ చేద్దామన్నారు కదా సార్?" అని డిజైనరు గుర్తుచేసింది.

"వద్దమ్మా. ఆవిడ చందా రద్దయినట్టు దేశమంతా చూసింది. ఇప్పుడు మనం ఫోన్ చేస్తే, కాలేదని మనమే ఒప్పుకున్నట్టవుతుంది" అన్నారు కార్యదర్శి.

ఆమె ఇంటికి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు.

"ఏమైంది?"

"పర్మనెంట్ చేశారత్తయ్యా."

"కాగితం చూపించు." చూపించింది. ఆవిడ పైనుంచి కిందిదాకా చదివారు. "యాప్ తీసేస్తారేమో అనుకున్నాను."

"తీసెయ్యరు. ఈ ఉద్యోగం దాని మీదే. అది ఉన్నంతకాలం నేనుంటాను."

లోపల ఫోన్ టింగుమంది. అత్తగారు అటు చూడలేదు. కాగితాన్ని మడిచి కోడలి చేతిలో పెట్టారు.

"అయితే నాదీ పర్మనెంటే" అన్నారు.